కారు ఉంచాలా, బండి ఉంచాలా: ఉత్తర తెలంగాణ లెక్క

2021 ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన ఆటను వారం తిరక్కుండానే లోకమంతా చూసింది. మోహన భోగరాజు పాడిన ఆ పాట అంతకు కొన్ని నెలల ముందే వచ్చింది. ఇంటింటికీ చేర్చింది మాత్రం ఆ బరాతే. ఆ తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెళ్లిళ్లలో డీజే పెట్టెలకు కొన్నాళ్లు వేరే పని లేకపోయింది. తమాషా ఏంటంటే మన బరాతుల్లో పాట బండిది, ఊరేగింపు కారుది. పూలు కట్టిన కారు వెనక మెల్లగా కదులుతుంటే, ముందర జనం బండి పాటకు చిందులేస్తారు.

ఆ రెండూ ఒకే ఇంటి ముందు ఉన్నవాళ్ల సంగతి ఇది. ఇరవై ఏళ్ల కిందట కరీంనగర్‌లో రెంటిలో ఏది ఉంచుకోవాలని అడిగితే నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వరు. కరోనా కాలంలో ఇంటి నుంచే పని అంటూ హైదరాబాద్ వదిలి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయి నాలుగు పైసలు వెనకేసుకుని తిరిగొచ్చినవాళ్లు, సింగరేణిలో తండ్రి స్థానంలో ఉద్యోగం దొరికినవాళ్లు ఉన్నారు. వీళ్ల గేటు లోపల ఒక బుల్లెట్టో కేటీఎమ్మో, దాని పక్కన ఒక హుషారైన కారూ కనిపించడం వింత కాదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇంటి అప్పు కిస్తీలు మొదలయ్యాక రెంటిలో ఒకటి అమ్మక తప్పని రోజు వస్తుంది. ఏది అమ్మాలి?

స్పోర్ట్స్ కారంటే ఇక్కడ ఏ కారో ముందు తేల్చుకోవాలి. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఒళ్లు ఉన్న కారు మన దేశంలో ఏనాడూ కుదురుకోలేదు. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ వచ్చిపోయింది. దిలీప్ ఛాబ్రియా అవంతి కూడా అంతే. ఫోర్డ్ ముస్టాంగ్ 2016లో 65 లక్షల ధరతో దిగి నాలుగేళ్లకు ఆగిపోయింది. బయటి నుంచి తెప్పిస్తే సుంకమే కారంత అవుతుంది. కాబట్టి కరీంనగర్ కుర్రాడి స్పోర్ట్స్ కారు అంటే సాధారణంగా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, లేదంటే సెకండ్ హ్యాండ్‌లో దొరికిన పాత స్కోడా ఆక్టావియా. చిన్న ఒంటిలో టర్బో ఇంజను, కాస్త గట్టి షాకప్స్, ఒక పద్ధతిలో చేసిన సైలెన్సర్ చప్పుడు. ఇటువైపు బైకు అంటే 350 సీసీ క్లాసిక్, హిమాలయన్, కేటీఎం డ్యూక్ 390, పైసలుంటే ఇంటర్‌సెప్టర్ 650. పోటీ వీటి మధ్యే. లంబోర్గినీ ఉన్నవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు.

వేగం మాట ముందే తీసేద్దాం, అక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 165 కిలోమీటర్ల రాజీవ్ రహదారి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన దాకా పోయే 44వ జాతీయ రహదారి: కారు తన సత్తా చూపించేది ఈ రెండు నాలుగు లైన్ల దారుల మీదే. కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లు, బైకుకు 80. రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు ఎక్కడానికి బైకుకు అసలు అనుమతే లేదు. కారుకు కాగితం మీద మిగిలిన ఆధిక్యం ఇంతే. దీనికి బదులు కారు దుద్దెడ దగ్గర, రేణికుంట దగ్గర టోల్ కట్టాలి, బైకు పక్క దారిన జారిపోతుంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకే పని చేస్తుంది. అంటే నిర్మల్ వాళ్లకు గంజాల్ టోల్ దగ్గర లాభం, రాష్ట్ర రహదారి అయిన రాజీవ్ రహదారి మీద తిరిగే కరీంనగర్ వాళ్లకు సున్న.

అసలు విషయం ఈ రెండు పెద్ద రోడ్లు దిగాక మొదలవుతుంది. మనిషి రోజూ తిరిగేది పెద్ద రోడ్ల మీద కాదు గదా. మంథని పోతాడు, వేములవాడ పోతాడు, చెన్నూరు పోతాడు, అత్తగారి ఊరు పోతాడు.

వానకాలం వడ్లు కోతకొచ్చే అక్టోబరు చివర నుంచి, మళ్లీ యాసంగి కోతలు మొదలయ్యే ఏప్రిల్ నుంచి, పాత కరీంనగర్ జిల్లా అంతటా సగం రోడ్డు కల్లమే. ఎస్సారెస్పీ కాలువ నీళ్లు అందే ఊళ్లలో వరి ఎంత పెరిగిందో ఆరబెట్టే జాగా అంత పెరగలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచి వెనక్కి పంపిస్తారు కాబట్టి రైతు ఏం చేస్తాడు, తారు రోడ్డు మీదే పోస్తాడు. పగలైతే పచ్చటి కుప్పలు దూరం నుంచే కనిపిస్తాయి. పొద్దుగూకాక కుప్ప చేసి, మీద నల్ల టార్పాలిన్ కప్పి, అది గాలికి లేవకుండా అంచు పొడవునా తలకాయంత రాళ్లు పేరుస్తారు. ఎదుటి నుంచి లారీ హైబీమ్ కొడుతున్నప్పుడు నల్ల రోడ్డు మీది నల్ల టార్పాలిన్ కనిపించేది పది గజాల ముందే. కారు ఆ రాయి ఎక్కితే టైరు పగులుతుంది, అల్లాయ్ వంగుతుంది, మనిషి దిగి తిట్టుకుంటాడు. బైకు ఎక్కితే తిట్టుకోవడానికి మనిషి ఉండకపోవచ్చు. టార్పాలిన్ తీశాక రోడ్డు మీద మిగిలిపోయిన గింజలు ఇంకో ప్రమాదం. వాటి మీద ముందు బ్రేకు నొక్కితే చక్రం గోలీల మీద పడ్డట్టే జారుతుంది. ఏబీఎస్ ఉన్నా అక్కడ అంతంత మాత్రమే. ఆదిలాబాద్ వైపు వడ్ల బాధ తక్కువ, దానికి బదులు పత్తి ట్రాక్టర్లు. మార్కెట్ యార్డు ముందు బారులు తీరిన ట్రాలీలకు వెనక లైట్లు ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ పేరా చదివినవాళ్లు కారే నయమనుకుంటారు. తొందరపడొద్దు. కరీంనగర్ బైపాస్ మీద ఏ కారు మెకానిక్ షెడ్డుకైనా వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం వెళ్లి చూడండి. జాకీ మీద లేపిన కారు కింద పిల్లవాడు పడుకుని ఉంటాడు, పక్కన పళ్లెంలోకి ఇంజనాయిల్ చుక్కచుక్కగా కారుతుంటుంది. “ఛాంబర్ గార్డ్ ఏపియ్యమని అప్పుడే చెప్పిన గదన్నా,” అంటాడు మేస్త్రీ. “షోరూమోళ్లు వద్దన్నరు తమ్మీ, వారంటీ పోతదన్నరు,” అంటాడు ఓనరు. ఊరి మొదట్లో పంచాయతీ వాళ్లు ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్, మిషన్ భగీరథ పైపు కోసం తవ్వి సగం పూడ్చిన గాడి, బొగ్గు టిప్పర్లు తిరిగి తిరిగి రెండు చక్రాల వెడల్పున లోతుకు దిగిపోయి నడుమ వీపులా లేచిన తారు: గోదావరిఖని, మందమర్రి చుట్టూ ఉన్నవాళ్లకు ఇవేవీ వర్ణించి చెప్పక్కర్లేదు. ఆ నడుమ వీపే ఇంజను కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌కు తగిలేది. బైకు ఆ గాడిలోనో, వీపు మీదో, రోడ్డు పక్క మొరం మీదో తన దారి తాను వెతుక్కుంటుంది. బాగున్న రెండడుగుల రోడ్డు దొరికితే బైకుకు చాలు. కారుకు అంత బాగున్న రోడ్డు ఆరడుగులు కావాలి. ఉత్తర తెలంగాణలో ఈ తేడా ప్రతి కిలోమీటరుకూ తెలుస్తుంది.

ఘాట్లలో ఇది ఇంకా బాగా బయటపడుతుంది. నిర్మల్ దాటాక పాత రోడ్డులో మహబూబ్ ఘాట్, ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో కెరమెరి ఘాట్, ఈ రెండే మన వైపు మలుపులంటే మలుపులు. స్పోర్ట్స్ కారు కొన్నవాడు కలగనేది ఇలాంటి చోటునే. కానీ కెరమెరి మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే కారు రెండు చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఇక ఎంత టర్బో ఉంటే ఏం లాభం? అదే దారిలో జోడేఘాట్ పోయే బైకువాడు బస్సుకూ కొండకూ మధ్య హాయిగా సాగిపోతాడు. కుంటాల, పొచ్చెర జలపాతాలకు సెప్టెంబర్‌లో పోయిచూస్తే మలుపులను ఆస్వాదించేది ఎవరో, కారు పార్కింగుకు చోటు వెతుక్కునేది ఎవరో తెలిసిపోతుంది. అడవిలో సాయంత్రం తర్వాత లెక్క మళ్లీ మారుతుంది. కవ్వాల్ చుట్టుపక్కల మనుబోతు గానీ అడవిపంది గానీ అడ్డం పడితే బంపర్ పోయే కారే మేలు.

ప్రమాదాన్ని దాచిపెట్టి బైకును పొగడటం న్యాయం కాదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. కోట శ్రీనివాసరావు కొడుకు 2010లో, అజారుద్దీన్ కొడుకు 2011లో హైదరాబాద్ శివార్లలో స్పోర్ట్స్ బైకు ప్రమాదాల్లోనే పోయారు. కారు కూడా కవచమేమీ కాదు. 2018లో నందమూరి హరికృష్ణ నల్లగొండ దగ్గర కారు నడుపుతూ చనిపోయినప్పుడు సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2021లో సాయి ధరమ్ తేజ్ బైకు జారిపడ్డప్పుడు హెల్మెట్టే కాపాడిందనీ పోలీసులే చెప్పారు. హెల్మెట్ కథ కూడా ఒక చావుతోనే మొదలైంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో బైకు మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతణ్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకడు. ఆయన ఆ తర్వాత సైన్యంలో ఉత్తరాలు మోసే బైకు జవాన్ల తల గాయాలను లెక్కతీసి 1941లో అచ్చేశాడు. బ్రిటిష్ సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది దాంతోనే. మన దగ్గర ఇప్పటికీ హెల్మెట్ ట్యాంకు మీద కూర్చుని సగం ఊళ్లు తిరుగుతుంది, పోలీసు కనపడ్డాకే నెత్తికెక్కుతుంది. అలా తిరిగేవాళ్లు బైకు అమ్మేసి కారు ఉంచుకోవడమే మంచిది. వాళ్ల వరకు మిగతా వ్యాసం చదవనక్కర్లేదు.

ఎండాకాలం మాట ఒక్క ముక్కలో: రామగుండంలోనో ఆదిలాబాద్‌లోనో మే నెలలో 45 డిగ్రీలు దాటిన మిట్టమధ్యాహ్నం బైకు ఎక్కేవాడికి స్పోర్ట్స్ కారు కాదు, ఏసీ ఉన్న ఏ డొక్కు కారైనా స్వర్గమే. డిసెంబరులో బేల, అర్లి వైపు పొద్దున్నే బైకు నడిపితే వేళ్లు కొంకర్లు పోతాయి. వానాకాలంలో మాత్రం అందరూ అనుకునేదానికి తలకిందులు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు 18 గేట్లలో 17 ఎత్తినా వరద ఆగని రోజుల్లో చూశాం, లోలెవల్ వంతెనల మీద నీళ్లు పారుతుంటే బైకువాడు అటు చూసి ఇటు తిప్పుకుంటాడు. కారువాడికి అద్దాలెత్తుకున్న ధైర్యం. పొట్టి కారుకు గాలి పీల్చే గొట్టం కిందికి ఉంటుంది. ఒక గుక్క నీళ్లు ఇంజన్లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకోకపోతే బీమా కంపెనీ ఆ నష్టం ఇవ్వదు.

ఇక డబ్బు. ఇందులో జనం లెక్క తప్పేది ఒకే చోట. పెట్టిన ధర, కట్టిన లైఫ్ ట్యాక్స్ చూసి “ఇంత పోసిన గదా” అని కారును వదల్లేరు. ఆ డబ్బు ఎలాగూ వెనక్కి రాదు. చూడాల్సినవి రెండే: ఇక ముందు నెలనెలా ఎంత తింటుంది, అమ్మి పశ్చాత్తాపపడితే మళ్లీ కొనడానికి ఎంతవుతుంది.

నెలనెలా తినేదాంట్లో బైకు ఎప్పుడూ చవకే. హైదరాబాద్ పోయి రావడానికి 330 కిలోమీటర్లు. 350 సీసీ బండికి పది లీటర్ల లోపు పెట్రోలు, టర్బో కారు సరదాగా తొక్కితే పాతిక లీటర్లు. లీటరు 107 రూపాయల పైన ఉన్న రోజుల్లో వెయ్యికీ 2,700కూ తేడా, పైన టోల్. థర్డ్ పార్టీ బీమా తేడా మాత్రం అనుకున్నంత ఉండదు: 2022 జూన్ నుంచి ఉన్న రేట్లలో 350 సీసీ దాటిన బైకుకు 2,804 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416. బైకు 150 నుంచి 350 సీసీ మధ్యదైతే 1,366తో పోతుంది. కారును ముంచేది రిపేరు. కొన్ని పోలో జీటీల్లోని ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరుబాక్సుకు వేడీ, ట్రాఫిక్కూ పడవు. అందులోని మెకట్రానిక్ భాగం పోతే సామాన్యుడి నెల జీతం కాదు, కొన్ని నెలల జీతం. దాని పని తెలిసిన చేతులు కూడా మండల కేంద్రంలో దొరకవు. బుల్లెట్ క్లచ్ ప్లేట్లు మార్చే మేస్త్రీ చెన్నూరులోనూ ఉంటాడు.

మళ్లీ కొనే ఖర్చు లెక్క 2025 సెప్టెంబర్ 22న తిరగబడింది. ఆ రోజు నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 అయింది. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారుకు 18 శాతం. అంటే క్లాసిక్ 350 అమ్మి రేపు మనసు మారితే తేలిగ్గానే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఇంటర్‌సెప్టర్ 650నో, 350 గీత దాటిన ఇంకేదైనా బండినో అమ్మితే తిరిగి కొత్తది కొనడం బరువు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కూడా అదే దారిలో పోయింది: 2022 మేలో 50 వేలు దాటిన బండికి 12 శాతం చేశారు, 2025 ఆగస్టులో 2 లక్షలు దాటిన బండికి 18 శాతానికి తీసుకెళ్లారు. పోలోది ఇంకో కథ. 2022లో మన దేశంలో దాని తయారీయే ఆగిపోయింది, మళ్లీ కొత్తది కొనుక్కోవడమన్నది లేదు. అందుకే మంచి కండిషన్లో ఉన్న పోలో జీటీకి హైదరాబాద్‌లో ఇంకా గిరాకీ ఉంది, దాని ఓనర్లలో కొందరు దాన్ని కన్నబిడ్డలా చూస్తారు. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగించుకునే రుసుమును 2022 ఏప్రిల్‌లో బైకుకు వెయ్యి, కారుకు 5,000 చేశారు. నాయిన నడిపిన ఏపీ 15 నంబరు ప్లేటు బుల్లెట్ ఉన్నవాళ్లకు ఆ రుసుము ఒక లెక్కా? అలాంటి బండి ఈ చర్చలోకి రాదు, దాన్నెవరూ అమ్మరు.

ఇంట్లోవాళ్ల మాట అడగకుండా ఈ లెక్క పూర్తి కాదు. రాత్రి రెండింటికి అవ్వకు ఛాతీలో నొప్పొస్తే జన్నారం నుంచి కరీంనగర్‌కు బైకు మీద తీసుకుపోలేం. పొట్టి కారులోనైతే తీసుకుపోవచ్చు, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ లోతు సీటులో కూర్చోవడం ఒక కష్టం, లేవడం రెండు కష్టాలు. “గీ కారుల ఎక్కుడంటే బాయిల దిగినట్టే ఉన్నది బిడ్డా,” అనే మాట చాలా ఇళ్లలో విన్నదే. పిల్లల సీటు వెనక పెడితే ముందు సీటు నలిగిపోతుంది. భార్యను డ్యూక్ 390 వెనక కూర్చోబెడితే ఆ వెనక సీటు అరచేతంత, పది కిలోమీటర్లకే ఆమె మాట్లాడటం మానేస్తుంది. క్లాసిక్‌కు ఈ నింద లేదు. అంటే కుటుంబం పేరు చెప్పి స్పోర్ట్స్ కారును ఉంచుకోవడం సగం సాకే. కుటుంబానికి కావాల్సింది కారు, ఆ కారు పొట్టిగా, గట్టిగా ఉండాల్సిన పని లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. 350 నుంచి 450 సీసీ మధ్య బైకు ఉన్నవాడు బైకును ఉంచుకుని స్పోర్ట్స్ కారు అమ్మాలి, వచ్చిన డబ్బులో ఇంటికి ఎత్తుగా ఉండే ఏదో ఒక మామూలు సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకోవాలి. సరదా బండి తీరుస్తుంది, అవసరం మామూలు కారు తీరుస్తుంది. రెండూ ఒకే వాహనంలో తీరాలన్న ఆశే స్పోర్ట్స్ కారును కొనిపిస్తుంది, మన సడకుల మీద అది రెండిటికీ పూర్తిగా కుదరదు. ఈ తీర్పు తలకిందులయ్యే సందర్భాలూ ఉన్నాయి. వారం వారం హైదరాబాద్ పోయి వచ్చే ఉద్యోగి రాజీవ్ రహదారి మీదే బతుకుతాడు, అతనికి కారే సుఖం. వెయ్యి సీసీ సూపర్‌బైకు ఉన్నవాడికి ఇక్కడ దాని మూడో గేరు పూర్తిగా వాడుకునే రోడ్డు లేదు, అమ్మాల్సింది దాన్నే. రాత్రి షిఫ్టు దిగి బొగ్గు లారీల మధ్య ఇంటికి వచ్చే గని కార్మికుడు పైన చెప్పిన లెక్కలన్నీ పక్కనపెట్టి తనకు నాలుగు చక్రాలే కావాలంటే నేను వాదించను.

అమ్మాలని తేలాక సమయం చూసుకోవాలి. బైకుకు మంచి ధర ఇక్కడే దొరుకుతుంది, అదీ దసరా ముందర. సింగరేణి లాభాల వాటా చేతికొచ్చే వేళ అది. 2024లో ఆ వాటా కార్మికుడికి సగటున 1.90 లక్షలు, అప్పటి కొత్త క్లాసిక్ 350 షోరూం ధరకు కాస్త అటూఇటూ. కొత్తదానికి ఆన్‌రోడ్ పైసలు చాలనివాళ్లు మీ పాతదాన్ని అడుగుతారు. స్పోర్ట్స్ కారుకు కరీంనగర్‌లో బేరగాళ్లు తక్కువ, హైదరాబాద్‌లో పెడితేనే దాని విలువ తెలిసినవాడు వస్తాడు. రాష్ట్రంలోనే కాబట్టి వేరే రాష్ట్రానికి కావాల్సిన ఎన్‌ఓసీ గొడవ ఉండదు. ఫామ్ 29, ఫామ్ 30, అప్పు తీరి ఉంటే ఫామ్ 35 చాలు. పాత చలాన్లు ముందే కట్టేయండి. డబ్బు అందింది కదా అని తాళాలిచ్చి ఊరుకోవద్దు, ఆర్‌సీలో పేరు మారిందాకా వెంటపడండి. చేతులు ఎన్ని మారినా ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది.